బీగిల్ 1:60 – ముక్కు దగ్గర పట్టీలు ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నాయి. పీకేయాలా?

తెరచాప77

డార్విన్ ప్రయాణించిన ఓడ హెచ్ఎంఎస్ బీగిల్, దాని చెక్క మోడల్ కిట్, 1:60 స్కేలు (అసలు ఓడలో అరవయ్యో వంతు). రెండు పొరల ప్లాంకింగ్, అంటే ఓడ ఒంటికి చెక్క పట్టీలు అతకడం. మొదటి పొరకి 5 × 1.5 మి.మీ. లైమ్ చెక్క పట్టీలు, రెండో పొరకి 5 × 0.6 మి.మీ. సపేలీ చెక్క పట్టీలు ఇచ్చారు.

డెక్ అంచు నుంచి కిందికి రెండు పక్కలా ఏడేసి పట్టీలు అంటించాను, పూర్తి వెడల్పుతోనే. అయిదో పట్టీ దాకా ఇబ్బంది లేదు. ఆరు, ఏడు దగ్గరికొచ్చేసరికి ముక్కు వైపు పట్టీ పై అంచు మీది పట్టీ పైకి ఎక్కుతోంది. కిందికి లాగి పట్టుకుంటే కింది అంచు బల్క్‌హెడ్‌కి (ఓడ ఆకారాన్నిచ్చే అడ్డ పలకకి) ఆనకుండా పైకి లేస్తోంది. పిన్ను కొట్టి అణిస్తే ఒక పట్టీ నిలువునా చీలింది. వెనక వైపు ఇంకోరకం గొడవ, అక్కడ పట్టీకి పట్టీకి మధ్య సందు తెరుచుకుంటోంది. పట్టీలన్నీ గంటసేపు నీళ్ళలో నానబెట్టి, తడి మీదే ఫెవికాల్‌తో అంటించాను.

సూచనల పుస్తకంలో ఈ దశకి ఒక్క ఫొటో ఉంది, "ఇలాగే కీల్ (ఓడ అడుగున నిడివిగా ఉండే దూలం) దాకా కొనసాగించండి" అని. అడగాలనుకున్నవి ఇవి: ఈ ఏడూ పీకేయాలా, లప్పంతో సర్దుకోవచ్చా? ఎంత సన్నం చేయాలో ఎలా తెలుస్తుంది? చీలిపోయిన పట్టీల బదులు ఇక్కడ దొరికే చెక్క ఏదైనా పనికొస్తుందా?

చిత్రిక_పట్టు

నానబెట్టడం వల్ల వచ్చిన తేడా కాదిది, లెక్కలో వచ్చిన తేడా. ఓడ నడుము దగ్గర డెక్ అంచు నుంచి కీల్ దాకా ఉన్న చుట్టుకొలత ముక్కు దగ్గర ఉండదు. నడుము దగ్గర ఎన్ని పట్టీలు పడతాయో అన్నీ ముక్కు దాకా వెళ్ళాలి, కానీ అక్కడ అంత చోటు లేదు. అందుకే ప్రతి పట్టీనీ ముక్కు వైపు సన్నబరచాలి. అసలు ఓడల్లోనూ అంతే.

సలహా చెప్పాలంటే కొలతలు కావాలి. అంగుళం వెడల్పున కాగితం పట్టీ కత్తిరించి బల్క్‌హెడ్ వంపు వెంట అంటిపెట్టండి. డెక్ అంచు దగ్గర ఒక గీత, కీల్ గాడి దగ్గర ఒక గీత. కాగితాన్ని చాపి స్కేలు మీద కొలవండి. టేపుతో నేరుగా కొలవొద్దు, వంపు దగ్గర రెండు మూడు మి.మీ. తేడా వచ్చేస్తుంది. నడుము దగ్గర, ముందు నాలుగు బల్క్‌హెడ్‌ల దగ్గర, వెనక స్టెర్న్‌పోస్ట్ (వెనక కొసన నిలువుగా ఉండే దుంగ) దగ్గర కొలిచి ఇక్కడ పెట్టండి.

తెరచాప77

నడుము 110 మి.మీ. ముందు నుంచి ఒకటో బల్క్‌హెడ్ 68, మూడోది 84, నాలుగోది 96. స్టెర్న్‌పోస్ట్ దగ్గర 118. రెండు పక్కలా దాదాపు ఒకేలా ఉన్నాయి, తేడా 1 మి.మీ. లోపే.

చిత్రిక_పట్టు

ఇక లెక్క తేలికే. నడుము 110, పట్టీ 5. అంటే పక్కకి 22 పట్టీలు. ఆ 22 ఒకటో బల్క్‌హెడ్ దగ్గర 68 మి.మీ.లో ఇమడాలి, 68ని 22తో భాగిస్తే 3.1. మూడో బల్క్‌హెడ్ దగ్గర 3.8, నాలుగో దాని దగ్గర 4.4. మొదటి పట్టీ నుంచే ఈ కొలతల్లో సన్నం చేసి ఉంటే ఏ పట్టీ మొరాయించేది కాదు.

మీరు చేసిందేమిటంటే, ముక్కు దగ్గర ఏడు పట్టీలకి 35 మి.మీ. ఖర్చుపెట్టేశారు. లెక్క ప్రకారం ఏడో పట్టీ కింది అంచు అక్కడ 22 మి.మీ. దగ్గర ఉండాలి. 13 మి.మీ. కిందికి తోసేశారన్నమాట. పట్టీ తనకి వీలైన దారిలో పైకి పోవాలని చూస్తుంది, అందుకే పైనున్న పట్టీ మీదికి ఎక్కుతోంది. కిందికి వంచితే కింది అంచు నొక్కుకుపోతుంది. చెక్క నిడివిలో కుదించుకోలేదు కాబట్టి ఆ అంచు బయటికి ఉబుకుతుంది. సన్నటి పట్టీని మందం వైపు ఎంతైనా వంచవచ్చు, వెడల్పు వైపు వంచడానికి మాత్రం అది ఒప్పుకోదు. పిన్ను కొడితే చీలక ఏమవుతుంది.

ఉన్న ఏడూ ఉంచేస్తే నడుము దగ్గర ఇంకా 75 మి.మీ., అంటే 15 పట్టీలు. ముక్కు దగ్గర మిగిలింది 33 మాత్రమే. ఒక్కోదానికి 2.2. పట్టీ కొస అసలు వెడల్పులో సగం కంటే, ఇక్కడ 2.5 కంటే, తగ్గకూడదని పాత లెక్క. అంతకంటే సన్నబడితే అసలు ఓడలో మేకు దిగడానికి చెక్క ఉండదు. మోడల్‌లోనూ ఆ కొస విరుగుతుంది. కాబట్టి నాలుగు పీకండి, మూడు ఉంచండి. అప్పుడు మిగిలేవి 19 పట్టీలు, ముక్కు దగ్గర 53 మి.మీ., ఒక్కోదానికి 2.8. నడుస్తుంది.

వాడరేవు

చిత్రిక గారి లెక్కలో తప్పు లేదు గానీ నాలుగు పీకడం అక్కర్లేని కష్టం. ఇది మొదటి పొర. దీని మీద ఇంకో పొర చెక్క వస్తుంది, నీటిగీత కింద ఆ పైన రాగి వస్తుంది. ఈ పొరకి కావాల్సింది గీతల అందం కాదు, నునుపైన ఆకారం. ఒకటి నుంచి అయిదు దాకా బల్క్‌హెడ్‌కి ఆని కూర్చున్నాయంటున్నారు కదా, వాటి జోలికి పోవద్దు. లేచిన ఆరు, ఏడు మాత్రమే తీయండి.

అప్పుడు నడుము దగ్గర మిగిలేది 85 మి.మీ., 17 పట్టీలు. ముక్కు దగ్గర 43. పదిహేడూ ముక్కు దాకా పోతే 2.5, సరిగ్గా అంచు మీద. అందుకని రెండింటిని డ్రాప్ ప్లాంకులు చేయండి. అంటే ఆ రెండూ ముక్కు దాకా పోవు, రెండో బల్క్‌హెడ్ దగ్గర ఆగిపోతాయి. పక్క పట్టీలో గంటు పెట్టి వీటి కొసని అందులో కూర్చోబెట్టాలి. కొసని సూదిలా చెక్కకండి, సగం వెడల్పు మొండిగానే ఉంచండి. ముక్కుకి చేరేవి 15 అవుతాయి, ఒక్కోదానికి 2.9.

పీకడానికి: ఫెవికాల్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కుంచెతో కీళ్ళ మీద రాసి పది పదిహేను నిమిషాలు వదలండి, గమ్ రబ్బరులా మెత్తబడుతుంది. పల్చటి పుట్టీ బ్లేడు దూర్చి లేపండి. నీళ్ళతో కూడా వస్తుంది కానీ ప్లైవుడ్ బల్క్‌హెడ్ ఉబ్బిపోతుంది. ఎక్కడైనా ఫెవిక్విక్ వాడి ఉంటే అసిటోన్ కావాలి.

గంటసేపు నానబెట్టడం గురించి కూడా ఒక మాట. 1.5 మి.మీ. లైమ్‌కి ఇరవై నిమిషాలు చాలు. అసలు పొరపాటు తడి మీద అంటించడం. తడిసిన చెక్క వెడల్పులో ఉబ్బుతుంది, అంటించాక ఆరుతూ కుంచించుకుపోతుంది. వెనక సందులన్నారే, వాటిలో కొన్ని వట్టి ఆరడం వల్ల వచ్చినవే. తడి పట్టీని వంపు మీద క్లిప్పులతో బిగించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి ఆకారం పట్టుకుని పొడిగా ఉంటుంది, అప్పుడు గమ్. వానాకాలం తీరంలో ఉంటే ఒక రోజు ఎక్కువే పట్టవచ్చు.

చిత్రిక_పట్టు

ఒప్పుకుంటున్నా, మొదటి పొరకి అది చాలు. రెండో పొరకి మాత్రం ఈ వెసులుబాటు లేదు. రాగి గీత పైన కనబడేదంతా అదే. మొదటి పొర సాండింగ్ అయ్యాక మళ్ళీ కొలవండి. చుట్టుకొలత కొద్దిగా పెరిగి ఉంటుంది, పాత లెక్కతో పోకండి.

రెండో పొరకి 22 పట్టీలనీ ఒకేసారి లెక్కేసుకుంటే మధ్యలో తేడాలు పేరుకుంటాయి. ఓడ పక్కని మూడు బెల్టులుగా విడగొట్టండి, 7, 7, 8 పట్టీలు. బెల్టు హద్దుల్ని నల్ల దారంతోనో 1 మి.మీ. టేపుతోనో ముక్కు నుంచి వెనక దాకా లాగి, రెండు అడుగుల దూరం నుంచి, పైనుంచి, ఎదురుగా చూడండి. ఎక్కడైనా వంకర కనిపిస్తే దారం జరపండి. కన్ను పట్టే తప్పు స్కేలు పట్టదు. ఆ తర్వాత ప్రతి బల్క్‌హెడ్ దగ్గర బెల్టు వెడల్పుని అందులోని పట్టీల సంఖ్యతో భాగించాలి, అంతే.

సన్నబరిచే పద్ధతి: ఎడమ, కుడి పక్కల పట్టీలు రెండూ జంటగా పట్టి కొలతలు గుర్తు పెట్టండి. రెండు స్టీలు స్కేళ్ళ మధ్య గీత దాకా బిగించి, పైకి కనిపించే చెక్కని చిన్న చిత్రికతో తీసేయండి. 0.6 మి.మీ. పట్టీ అయితే చిత్రిక బదులు 180 నంబరు సాండ్‌పేపర్ చుట్టిన చెక్కముక్క. ఎప్పుడూ ఒక అంచే తీయండి, అదీ ముందు పట్టీకి ఆనే పై అంచు. రెండో అంచు ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చింది, దాన్ని ముట్టుకోకుండా తర్వాతి పట్టీకి ఉంచండి. అడుగు గుండ్రం తిరిగే చోట ఆ పై అంచుని లోపలి వైపుకి కొద్దిగా ఏటవాలుగా తీస్తే బయట వీ ఆకారపు సందు కనబడదు.

వరస ముఖ్యం. ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఒక పక్క నాలుగైదు వేసి రెండో పక్కకి వెళ్తే ఆరే గమ్ లాగుడికి కీల్ అరటిపండులా వంగుతుంది. మొదటి పొరలో అలా వంగితే తర్వాత తిన్నబరిచే మార్గం లేదు.

గాడి_గీత

ముక్కు గురించి అందరూ చెప్పారు. వెనక భాగం ఇంకా తెరిచే ఉంది కాబట్టి ఇప్పుడే చూసుకోవాల్సింది ఒకటుంది. చాలా కిట్లు అక్కడే చెడతాయి.

ఓడ వెన్నెముకలా నిలువుగా ఉండే మధ్య ప్లైవుడ్ 5 మి.మీ. ఉంటుంది. దానికి రెండు పక్కలా మొదటి పొర 1.5 చొప్పున 3, రెండో పొర 0.6 చొప్పున 1.2. మొత్తం 9.2. దాని వెనక వచ్చే స్టెర్న్‌పోస్ట్ మందం 5. ఇలాగే వదిలేస్తే ఓడ వెనక కొస స్టెర్న్‌పోస్ట్ కంటే దాదాపు రెట్టింపు లావుగా ఉబ్బి ఉంటుంది, చుక్కాని దానికి అగ్గిపుల్ల అతికించినట్టు కనిపిస్తుంది. నీళ్ళు చుక్కాని దాకా సాఫీగా జారాలని అసలు ఓడల్ని అక్కడ సన్నగా కడతారు.

చేయాల్సిందల్లా, చివరి బల్క్‌హెడ్ వెనక, కీల్ పైన ఉన్న ఆ ప్లైవుడ్‌ని పక్కకి 1.5 చొప్పున చెక్కి కొస దగ్గర 2 మి.మీ.కి తేవడం. ఉలి కంటే 80 నంబరు సాండ్‌పేపర్ చుట్టిన కర్ర నయం, ప్లైవుడ్ పొరలు లేవవు. చెక్కుడు మొదలయ్యే గీత తిన్నగా ఉండదు, వంపుగా ముందుకి పోతూ కీల్‌లో కలుస్తుంది. ప్లాన్‌లో గీసి ఉంటే దాన్నే అనుసరించండి. ఆ తర్వాత మొదటి పొర కొసల్ని కూడా 0.9 దాకా పల్చన చేస్తే 2 + 1.8 + 1.2, సరిగ్గా 5. స్టెర్న్‌పోస్ట్‌తో సమం.

వెనక సందు సంగతి: 118లో 22 పట్టీలకి 110 పోతే 8 మి.మీ. మిగులు. పట్టీల్ని వెడల్పు చేయలేం కాబట్టి అక్కడ స్టీలర్లు కావాలి, అంటే సందులో దూర్చే ముక్క పట్టీలు. ఒకటి 5, ఒకటి 3 మి.మీ. వాటిని కీల్‌కి దగ్గరగా, స్టెర్న్‌పోస్ట్ నుంచి ముందుకి పెట్టండి. పట్టీలు వాటంతట అవి విచ్చుకునేది అక్కడే. సందు ఎక్కడ పడితే అక్కడ బలవంతంగా మూయకుండా, పట్టీలని వాటి దారిన పోనిచ్చి, మిగిలిన త్రికోణం కొలిచి ముక్క చెక్కండి. సందు మీద పారదర్శక టేపు అంటించి, అంచుల వెంట పెన్సిల్ గీసి, ఆ టేపుని చెక్క మీద అంటించి కోస్తే కొలత తప్పే ప్రసక్తే లేదు.

ముందు ఒకటి, రెండు బల్క్‌హెడ్‌ల మధ్య ఖాళీ నింపే ఫిల్లర్ ముక్కలు పెట్టారా? పెట్టకపోతే ఆరు, ఏడు పీకినప్పుడు కింది భాగంలో ఇప్పటికైనా పెట్టండి. పట్టీకి బల్క్‌హెడ్ అంచు ఒక్కటే ఆధారమైతే మధ్యలో చప్పిడిగా పడిపోతుంది, బయటినుంచి ఓడ ముక్కు గుండ్రంగా కాకుండా పలకలు పలకలుగా కనిపిస్తుంది.

అంకుడు_చెక్క

చెక్క గురించి. ఫిల్లర్ ముక్కలకి బాల్సా కోసం తిరగక్కర్లేదు, కొండపల్లి బొమ్మలకి వాడే తెల్లపొణికి భేషుగ్గా సరిపోతుంది. తేలిక, మెత్తన, ఏ దిక్కు నుంచైనా తెగుతుంది. పట్టీలకి మాత్రం అది పనికిరాదు, అంచు నిలవదు.

పట్టీలకి, ఇంకా చిన్న భాగాలకి ఏటికొప్పాక లక్కబొమ్మల చెక్క, అంకుడు. లేత దంతపు రంగు, చారలు దాదాపు కనబడవు, ఉలికి పెళుసుగా విరగదు. విదేశీ మోడలర్లు హాలీ, బాక్స్‌వుడ్ వాడే చోటల్లా దీన్ని వాడవచ్చు. డెక్ పట్టీలకి ఇంతకంటే మంచిది ఇక్కడ దొరకదు. పూర్తిగా ఆరిన ముక్క తీసుకోండి. పచ్చిది కోస్తే వారంలో మెలి తిరుగుతుంది. పల్చటి పళ్ళ బ్లేడున్న చిన్న టేబుల్ రంపం మీద 2 మి.మీ.కి కోసి, 1.5కి సాండ్ చేయండి. 1.5కే నేరుగా కోయబోతే రంపపు గీతలు తీసేసరికి 1.1 మిగులుతుంది. క్యాప్‌స్టన్ (లంగరు తాడు చుట్టే రాట) లాంటి లేత్ పని ఉన్నవాటికీ ఇదే.

టేకు వద్దు. అసలు ఓడలకి రాజు లాంటి చెక్కే, కాదనను, బొంబాయిలో 1817లో టేకుతో కట్టిన ట్రింకోమలీ ఇప్పటికీ ఇంగ్లండ్‌లో హార్టిల్‌పూల్‌లో నీళ్ళ మీద తేలుతోంది. కానీ 1:60 స్కేలులో టేకు చార ఒక్కోటీ అసలు ఓడ మీద రెండంగుళాల పగులులా కనిపిస్తుంది. పైగా దాని నూనెకి ఫెవికాల్ సరిగా పట్టదు. అగత్యమైతే అంటించే ముందు అసిటోన్‌తో తుడవాలి. మొదటి పొరలో రెండు మూడు పట్టీలే తక్కువైతే ఇదంతా ఎందుకు, పక్క మోడల్ దుకాణంలో బాస్‌వుడ్ షీటు కొని కోసుకోండి.

తెరచాప77

ఆరు, ఏడు తీశాను, ఆల్కహాల్‌తో ఒక్క పట్టీ విరగకుండా వచ్చాయి. వెనక ప్లైవుడ్ కొలిస్తే నిజంగానే 5 మి.మీ. ఉంది, చెక్కడం మొదలుపెడతాను. ఇంకో మూడు అనుమానాలు. లప్పం ఏది? రెండో పొరకి ఫెవిక్విక్ వాడమని కిట్‌లో ఉంది, వాడవచ్చా? అసలు రాగి కింద పోయే చోట రెండో పొర వేయాలా, సపేలీ మిగుల్చుకోవచ్చా?

వాడరేవు

లప్పం: గోడలకి పెట్టేది వద్దు, పగిలి రాలుతుంది. మొదటి పొర సాండ్ చేసినప్పుడు వచ్చిన పొడినే ఫెవికాల్‌తో ముద్దగా కలిపి పెట్టండి, లేదా నీళ్ళతో కలిపే వుడ్ ఫిల్లర్. 1 మి.మీ. కంటే పెద్ద సందులో లప్పం కాకుండా చెక్క చీలిక దూర్చండి. సాండింగ్ 120తో మొదలుపెట్టి 180, 240. కాగితాన్ని వేళ్ళతో పట్టుకోకండి, పల్చటి స్టీలు స్కేలుకి అంటించి పట్టీలకి ఏటవాలుగా తోయండి, అప్పుడే గుట్టలు పోతాయి. వెనక కొసలు తప్ప మిగతా చోట చెక్క 1 మి.మీ. కంటే పల్చబడకుండా చూసుకోండి. భయంగా ఉంటే డెక్ మూయకముందే లోపలి వైపు నీళ్ళు కలిపిన ఫెవికాల్ రెండు పూతలు పూయండి.

ఫెవిక్విక్ మొదటి పొరలో చుక్కలుగా పర్వాలేదు. రెండో పొరలో అంచు దాటి పొంగితే ఆ మరక మీద పాలిష్ పట్టదు, తెల్లగా పొగపట్టినట్టు మిగిలిపోతుంది. ఫెవికాలే పల్చగా రాయండి, బట్టల క్లిప్పులు, బొటనవేలు. వంపు ఎక్కువున్న చోట కాంటాక్ట్ గమ్ (ఎస్ఆర్ 998 లాంటిది) రెండు వైపులా రాసి చేతికి అంటనంత ఆరాక అతికించండి. కానీ ఒకసారి తగిలితే జరపడం ఉండదు, సరిచూసుకుని పెట్టండి. 0.6 పట్టీ మీద సాండింగ్ 240, 400 మాత్రమే. 120 పెడితే రెండు నిమిషాల్లో లైమ్ బయటపడుతుంది.

రెండో పొర అడుగు దాకా వేయండి. ఆపేస్తే నీటిగీత దగ్గర 0.6 మి.మీ. మెట్టు వస్తుంది, రాగి దాన్ని దాచదు. పైగా బీగిల్‌కి ఇది న్యాయం కూడా. 1831 ప్రయాణానికి ముందు కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ ఓడ అడుగుకి రెండంగుళాల ఫర్ (పైన్ లాంటి చెట్టు) చెక్క ఇంకో పొర వేయించి, దాని మీద ఫెల్ట్, ఆ పైన కొత్త రాగి కొట్టించాడు. రెండంగుళాలంటే మన స్కేలులో 0.85 మి.మీ.

రాగి: అప్పటి నౌకాదళపు రేకు 4 అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు. 1:60లో 20.3 × 5.9 మి.మీ. రంగు గాజు పనివాళ్ళు వాడే గమ్ ఉన్న రాగి టేపు పావు అంగుళం, అంటే 6.35. కొద్దిగా ఎక్కువ, ఒకదాని మీదొకటి 0.4 మి.మీ. ఎక్కించి వేస్తే సరిపోతుంది. 20 మి.మీ. ముక్కలుగా కోసి పెట్టుకోండి, రెండు పక్కలకీ కలిపి 650 దాకా పడతాయి. వంద ఎక్కువే కోయండి. వెనక స్టెర్న్‌పోస్ట్ దగ్గర, కీల్ నుంచి మొదలుపెట్టి ముందుకీ, పైకీ రండి. ముందు రేకు అంచు వెనక రేకు మీద కూర్చోవాలి, లేకపోతే ఎదురు నీళ్ళకి రేకు లేచినట్టే లెక్క. ప్రతి వరుసలో అతుకు పై వరుస అతుకుతో కలవకుండా సగం రేకు జరపండి, ఇటుక కట్టుడులా.

కొన్ని కిట్లలో రేకుల మీద మేకుల బుడిపెలు ఆవగింజలంత ఇస్తారు. ఆ స్కేలులో నిజమైన మేకు తల అర మి.మీ. కూడా ఉండదు, పైగా రేకుకి సమంగా దిగి ఉంటుంది. బుడిపెలు లేని టేపే నిజానికి దగ్గర.

రాగి వేసేముందు చెక్కకి లక్క పాలిష్ రెండు పూతలు వేసి 400తో రుద్దండి. పచ్చి చెక్క మీద టేపు గమ్ ఏడాదిలో వదిలేస్తుంది. అడుగున చిన్న గుంట ఉన్నా రాగి మీద పెద్దదిగా మెరుస్తుంది కాబట్టి లైటు పక్కనుంచి పెట్టి చూసుకోండి. చేతులకి గ్లౌజులు తప్పనిసరి, వేలిముద్ర పడ్డచోట వారం తిరిగేసరికి నల్లటి మచ్చ తేలుతుంది.

గాడి_గీత

ఒకటి మరిచారు. నీటిగీత రాగి టేపు వేసేముందే గీయండి, తర్వాత కాదు. ఓడని ప్లాన్‌లో చూపిన వాలులో, ముందు వెనక ఎత్తులు చూసి ముక్కల మీద నిలబెట్టి, పెన్సిల్‌ని ఒక చెక్క దిమ్మెకి కట్టి బల్ల మీద చుట్టూ జరపండి. రాగి పై వరుస ఆ గీతని మి.మీ. దాటేలా వేసి, చివర్లో కొత్త బ్లేడుతో ఒకే కోత.

తెరచాప77

టేపు మీద గీత కనబడదు కదా, దాన్ని దాటాక కోత దేని ప్రకారం వేయాలి?

గాడి_గీత

అదే దిమ్మెకి పెన్సిల్ బదులు బ్లేడు కట్టండి. ఎత్తు మార్చకండి, ఓడని కదపకండి.